చక్రానికి కాస్త చోటు

చిన్న ఎలక్ట్రిక్ కారు కుదుపులు భరించలేక మెత్తటి స్ప్రింగులు వేయించుకున్న కొందరికి ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతుంది. చిన్న చిన్న గతుకుల మీద కారు హాయిగానే పోతుంది. కాస్త పెద్ద గుంత వచ్చిందంటే మాత్రం మునుపటికంటే గట్టిగా ధడ్‌మని తగులుతుంది. నలుగురు ఎక్కితే ఇంకా ఘోరం. స్ప్రింగు మెత్తబడింది, దెబ్బ పెరిగింది. ఇదెలా జరుగుతుందో తెలిస్తే చిన్న కారు కుదుపుల సంగతి సగం తెలిసినట్టే.

బరువు మోసే ప్రతి స్ప్రింగుకీ ఊయలకు ఉన్నట్టే సొంత లయ ఒకటి ఉంటుంది. కారు బాడీ పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ మొదటి చోటికి రావడాన్ని ఒక ఊపు అనుకుందాం. కూర్చున్నవాళ్లకు సుఖంగా అనిపించే కార్లలో ఆ ఊపులు సెకనుకు 1 నుంచి 1.5 వరకు ఉంటాయి. 0.5 కంటే తగ్గితే కడుపులో తిప్పుతుంది. పడవ ప్రయాణంలో వాంతులు తెప్పించేది ఆ నెమ్మది లయే. సెకనుకు 4 నుంచి 8 మధ్యకు వస్తే ఒంటికి అసలు పడదు. కూర్చున్న మనిషి వెన్ను, పొట్టలోని అవయవాలు కిందినుంచి వచ్చే ఆ వేగపు అదురుకే ఎక్కువగా ఊగుతాయి.

ఈ లయకీ, కారు బరువుకి స్ప్రింగు ఎంత కుంగి ఉందన్నదానికీ ఒక గట్టి లెక్క ఉంది. సెకనుకు ఒక ఊపు కావాలంటే స్ప్రింగు మామూలు బరువుకే 25 సెంటీమీటర్లు కుంగి ఉండాలి. ఒకటిన్నర చాలనుకుంటే 11, రెండు ఊపులైతే 6 సెంటీమీటర్లు సరిపోతాయి. కారు చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క మారదు. చిన్న కారు చిక్కుకుపోయేది ఇక్కడే.

రెనో ట్విజీ లాంటి 450 కిలోల బుల్లి కారును తీసుకోండి. ఇద్దరు ఎక్కారంటే 150 కిలోలు, అంటే కారు బరువులో మూడో వంతు. సెకనుకు ఒక ఊపు ఇచ్చే మెత్తటి స్ప్రింగులు పెడితే, వాళ్లు ఎక్కగానే కారు స్థూలంగా ఇంకో 8 సెంటీమీటర్లు దిగిపోతుంది. చాలా చిన్న కార్లలో చక్రం పైకి కదలడానికి ఉన్న చోటే దాదాపు అంత. ఇంకా రోడ్డెక్కకముందే ఆ చోటంతా అయిపోయింది! అదే ఇద్దరు 1,800 కిలోల కారులో ఎక్కితే పెరిగేది పన్నెండో వంతు బరువే. అంతే మెత్తటి లయ పెట్టినా కారు దిగేది 2 సెంటీమీటర్లు. బుల్లి కారు కూడా 2 సెంటీమీటర్లే దిగాలంటే దాని లయను సెకనుకు రెండుకి పెంచక తప్పదు. చిన్న కారు డిజైనర్లకు మన నడుము మీద కోపమేమీ లేదు. లెక్క వాళ్లను అక్కడికి నెడుతుంది.

చోటు అయిపోయాక ఏం జరుగుతుంది? చక్రం వెళ్లి బంప్ స్టాపర్‌కు తగులుతుంది. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద తొడిగే రబ్బరు లేదా ఫోమ్ ముక్క అది. దానికి తగిలిన క్షణం నుంచి స్ప్రింగు ఎంత మెత్తనిదన్నది లెక్కలోకి రాదు, ఆ ముక్క గట్టిదనమే మన వెన్నుకు అందుతుంది. పొడవు పెంచకుండా స్ప్రింగును మెత్తబరిస్తే కారు కిందికి దిగి ఆ ముక్కకు ఇంకా దగ్గరవుతుంది. మొదట్లో చెప్పిన విచిత్రానికి కారణం ఇదే. స్ప్రింగు చుట్టలు కోయడం ఇంకా పెద్ద పొరపాటు. చుట్టలు తగ్గినకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, పైగా కారూ దిగుతుంది. రెండు వైపులా నష్టమే. కుదుపు తగ్గించాలంటే ముందు చక్రానికి కదిలే చోటు మిగల్చాలి, మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ఎలక్ట్రిక్ కార్లు బరువైనవే కదా, మరి వాటికి ఈ బాధ ఎందుకని అడగొచ్చు. నిజమే, బ్యాటరీ బరువు ఒక రకంగా మేలు చేస్తుంది. ఖాళీ కారుకూ నిండు కారుకూ తేడా తగ్గుతుంది, బరువు కిందే ఉండటంతో మలుపుల్లో పక్కకు ఒరగడమూ తగ్గుతుంది. కాబట్టి మెత్తటి స్ప్రింగులు పెట్టడానికి నిజానికి అవకాశం ఉంది. కానీ ఆ బ్యాటరీ ఉండేది కారు అడుగునే. అది రోడ్డుకు తగలకూడదు కాబట్టి కారు మరీ కిందికి ఊగకుండా ఆపాలి. పెరిగిన బరువును మోయడానికి, ఒక్క చార్జింగ్‌తో ఇంకో నాలుగు కిలోమీటర్లు నడవడానికి టైర్లలో గాలి ఎక్కువ పెడతారు. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి పెట్రోలు కారులో వినపడని ప్రతి టకటకా ఇక్కడ చెవిన పడుతుంది. చెవి విన్న దెబ్బ ఒంటికి ఇంకాస్త గట్టిగా తగిలినట్టు అనిపిస్తుంది.

అందుకే స్ప్రింగుల జోలికి పోయేముందు టైర్లు చూడమంటాను. చక్రం ఒక పదునైన అంచు ఎక్కినప్పుడు ఆ దెబ్బ తినే మొదటి స్ప్రింగు టైరులోని గాలే. టైరు గట్టిదనం గాలి ఒత్తిడిని బట్టే చాలావరకు ఉంటుంది. తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద 35 పీఎస్ఐ అని ఉండి, టైర్లలో 42 ఉంటే, మీరు అవసరం లేకుండా ఐదో వంతు ఎక్కువ ఒత్తిడి మీద కూర్చున్నారన్నమాట. ఇది చాలామంది అనుకునేదానికంటే ఎక్కువగా కనిపించే తప్పు. కొలిచేది చల్లటి టైర్ల మీదే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర, రెండు పీఎస్ఐ దానంతట అదే పెరుగుతుంది. కొన్ని కార్ల స్టిక్కర్ మీద తక్కువ బరువుకు ఒక అంకె, నిండు బరువుకు ఇంకోటి ఉంటాయి. ఒక్కరే తిరిగే కారులో నిండు బరువు అంకె పెట్టుకుని అవస్థపడాల్సిన పనిలేదు. అయితే స్టిక్కర్ మీది అంకె కంటే కిందికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు. టైరు పక్క గోడలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి, గుంతలో రిమ్ముకు దెబ్బ తగులుతుంది, బ్యాటరీ ఖర్చూ పెరుగుతుంది.

ఆ తర్వాత టైరు పక్క గోడ ఎత్తు. 205/45 ఆర్17 అని రాసి ఉన్న టైరుకు (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు) రిమ్ము నుంచి రోడ్డు దాకా 92 మిల్లీమీటర్ల రబ్బరు ఉంటుంది. దాదాపు అంతే వ్యాసం ఉన్న 185/65 ఆర్15 టైరుకు 120 మిల్లీమీటర్లు. బయటినుంచి చూస్తే చక్రం అంతే ఉంది, స్పీడోమీటరూ తప్పు చెప్పదు, కానీ దెబ్బ తినే రబ్బరు 28 మిల్లీమీటర్లు పెరిగింది. చిన్న కారుకు చూపు కోసం పెద్ద రిమ్ములు తొడగడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఫొటోలో బాగుంటుంది, నడుము మాత్రం రోజూ మూల్యం చెల్లిస్తుంది. చిన్న రిమ్ముకు మారేముందు అది బ్రేకుల మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో, కొత్త టైరు మోయగల బరువు పాతదానికంటే తగ్గిందేమో చూసుకోవాలి.

చక్రం మొత్తం ఎత్తు కూడా ముఖ్యమే. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుంత మీదుగా 25 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న చక్రం పోతే 21 మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది. 35 సెంటీమీటర్లున్న చక్రమైతే 15 దగ్గరే ఆగుతుంది. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3కి 155/70 ఆర్19 అనే సన్నటి, ఎత్తైన టైర్లు పెట్టారు. గాలినీ రోడ్డునీ తక్కువ శ్రమతో దాటడం కోసం ఎంచుకున్న కొలత అది. గుంతల విషయంలోనూ ఆ ఎత్తు ఉపయోగమే.

షాక్ అబ్జార్బర్ సంగతి చాలామందికి తలకిందులుగా అర్థమై ఉంటుంది. కారును మోసేది స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కాదు. స్ప్రింగు దాచుకున్న దెబ్బ మళ్లీ మళ్లీ ఊపుగా తిరిగి రాకుండా, నూనెను సన్నటి దారుల్లోంచి నెట్టి దాన్ని వేడిగా మార్చేయడమే దాని పని. కారు నెమ్మదిగా ఊగితే నూనె తేలిగ్గా పోతుంది. పదునైన అంచు తగిలితే అంత వేగంగా పోలేదు, ఆ క్షణానికి షాక్ అబ్జార్బర్ ఒక ఇనప కడ్డీలా మారిపోతుంది. టకీమని తగిలే చిన్న దెబ్బలకు అసలు దోషి చాలాసార్లు ఇదే, స్ప్రింగు కాదు. ఇంకో రకం తప్పు కూడా ఉంది. తిరిగి చాచుకునేటప్పుడు మరీ బిగువుగా ఉంటే, వరసగా గతుకులు వచ్చినప్పుడు చక్రం పూర్తిగా కిందికి దిగకముందే తర్వాతి దెబ్బ తగులుతుంది. అలా మెట్టు మెట్టుగా పైకి పోయి స్టాపర్‌కు ఆనుకుంటుంది. చోటు పోవడానికి ఇదొక దొంగ దారి. స్ప్రింగులు మార్చినప్పుడు వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు కూడా ఎంచుకోవాలనేది ఇందుకే.

బుష్‌ల గురించి వర్క్‌షాప్‌లో ఒక్క మాట చెబితే చాలు, కానీ ఆ మాట తప్పకుండా చెప్పాలి. చక్రాన్ని బాడీకి కలిపే సస్పెన్షన్ ఆర్మ్‌ల చివర ఉండే ఈ రబ్బరు ముక్కలు మెలితిరిగి పనిచేస్తాయి. కారును జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కొత్త విడిభాగాలు వేశాక కూడా కుదుపు పోలేదంటే ఇదీ ఒక కారణం కావచ్చు. చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి.

పొట్టి కారుకు ఇంకో కష్టం ఉంది, ముందుకూ వెనక్కీ తల ఊపడం. 5 సెంటీమీటర్ల గడ్డ మీద ముందు చక్రాలు ఎక్కితే, ఇరుసుల మధ్య 2.7 మీటర్లున్న కారు సుమారు 1 డిగ్రీ ఒరుగుతుంది. 1.7 మీటర్లున్నది ఒకటిన్నర డిగ్రీ దాటుతుంది. పైగా పొట్టి కారులో సీటు ఏదో ఒక ఇరుసుకు దగ్గరగానే ఉంటుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ అనే ఇంజినీరు బరువులు అటూ ఇటూ మార్చగలిగే ఒక ప్రయోగపు కారుతో ఈ విషయాన్ని ఓపికగా పరీక్షించారు. ముందు స్ప్రింగుల లయ వెనకవాటికంటే కాస్త నెమ్మదిగా ఉంటే, ఆలస్యంగా దెబ్బ తిన్న వెనక భాగం ముందుభాగాన్ని అందుకుంటుంది, కారు సమంగా లేచి దిగుతుంది అని తేల్చారు. వెనక సీటు కుదుపు ఎక్కువని వెనక స్ప్రింగులు మాత్రమే మెత్తబరిస్తే తల ఊపు పెరిగే ప్రమాదం ఉంది. యాక్సిలరేటర్ వదలగానే గట్టిగా పట్టే రీజనరేటివ్ బ్రేకింగ్ (మోటారే కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపే ఏర్పాటు) కూడా ముక్కును కిందికి దించుతుంది. గతుకుల రోడ్డు మీద దాన్ని ఒక మెట్టు తగ్గిస్తే పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

ఇదంతా చదివి తేలికైన చిన్న కారుకు మెత్తదనం రాసిపెట్టలేదని అనుకోకండి. 1948లో జనం ముందుకు వచ్చిన సిట్రొయెన్ 2సీవీ బరువు సుమారు 500 కిలోలే. దున్నిన పొలం మీదుగా గంపెడు గుడ్లు పగలకుండా తీసుకుపోగలగాలన్నది దాని తయారీకి పెట్టిన షరతు. ముందు చక్రం, వెనక చక్రం ఆర్మ్‌లను పక్కన కారు పొడవునా పడుకోబెట్టిన స్ప్రింగులతో కలిపారు. ముందు చక్రం పైకి లేస్తే ఆ కదలిక వెనక చక్రాన్ని కిందికి నెట్టేది, తల ఊపు అక్కడికక్కడే తగ్గేది. చక్రాలు ఎత్తైనవి, అవి కదలడానికి చోటు ధారాళం. అందుకు బదులుగా మలుపుల్లో కారు బాగా ఒరిగేది, మనుషులు ఎక్కితే వెనక దిగిపోయేది. వెనక దిగితే ముందు లైట్లు ఆకాశం చూస్తాయి కాబట్టి, వాటి వాలును డ్రైవరు కూర్చున్నచోటినుంచే సరిచేసుకునే ఏర్పాటూ పెట్టారు.

మీ కారులో మార్పులు ఒక్కొక్కటిగా చేయండి. అదే రోడ్డు, అదే వేగం, అంతే మంది. మెత్తటి, పొడవైన స్ప్రింగులు వేయించి ఎత్తు ఏమాత్రం మారినా వీల్ అలైన్‌మెంట్ చూపించి, ఆ రాత్రే ఒక గోడ ముందు కారు ఆపి హెడ్‌లైట్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి.