ఒక్క డిగ్రీ గురించి అడిగారు కదా

చిన్నారీ, బుజ్జీ,

"భూమి ఒక డిగ్రీ వేడెక్కితే ఏమవుతుంది తాతయ్యా? మేం ఏసీ ఒక డిగ్రీ మార్చినా తెలియనే తెలియదు" అని మొన్న ఫోన్లో అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతం పైగా సముద్రాలే మింగుతున్నాయి. తుపానుకు బలం వచ్చేది ఆ వెచ్చటి నీళ్ల నుంచే. బంగాళాఖాతంలో తుపాన్లు మా తాతల నాడూ ఉన్నాయి. ప్రతి తుపానూ ఈ వేడి వల్లే వచ్చిందని నేను అనను. కానీ ఇప్పుడు వచ్చేవి కుమ్మరించే వాన ఎక్కువ.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన పొలం కౌలుకు చేసే బాబాయి గుర్తున్నాడుగా, మీకు తేగలు కాల్చి పెట్టేవాడు? అప్పటికి ఆయన వరి కోసి పనల మీద ఉంది. నీళ్లు తీశాక చూస్తే గింజ మొలకెత్తింది, రంగు మారింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు తీసుకోరు. మన వైపు కోతకు రెండు మూడు రోజుల ముందే వరి చేలో మినుములు చల్లుతారు, ఆ విత్తనం కూడా కుళ్లిపోయింది. ఒక్క వానకు రెండు పంటలు పోయాయి.

నష్టం అక్కడితో ఆగలేదు. కుప్పనూర్పిళ్లకు వచ్చే ఆడవాళ్లకు పని లేదు. నిజాంపట్నంలో పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. వేట లేని రోజు వాళ్లకు కూలీ కూడా లేనట్టే. చీరాల వైపు గుంట మగ్గాల్లోకి నీరు ఊరితే, నేల ఆరేదాకా నేతగాడు మగ్గంలో కూర్చోలేడు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10 వేల మందికి పైగా చనిపోయారు. నేనప్పుడు కుర్రవాణ్ణి, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇప్పుడు ముందే హెచ్చరిక వస్తుంది, జనాన్ని షెల్టర్లకు తరలిస్తారు, ప్రాణనష్టం చాలా తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ ప్రాణాలు దక్కాయి కదా అని టీవీలో వార్త రెండు రోజుల్లో అయిపోతుంది. పొలంలో కష్టం అప్పుడే మొదలవుతుంది.

మిగ్‌జాం వచ్చిన ఏడు కూడా హైదరాబాద్‌లో మీ ఇంటికి బియ్యం బస్తాలు వచ్చాయి. మీకు ఏ తేడా తెలియలేదు. మామూలుగా పంట పోయినా కౌలు బస్తాలు ఇవ్వాల్సిందే, ఎందుకంటే మాట ముందే అయిపోతుంది. బాబాయి ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చాడో నేను అడగలేదు. పిన్ని చెవిదిద్దులు తాకట్టు పెట్టారని తర్వాత తెలిసింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు ఒక కార్డు ఇస్తారు. పంట రుణానికైనా నష్టపరిహారానికైనా అదే ఆధారం. దానికి భూమి యజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందన్న భయంతో చాలామంది పెట్టరు. నేనూ పెట్టలేదు. అది నా తప్పే.

ఈ ఏడు సంతకం పెట్టాను. పంట మునిగితే కౌలు ఇవ్వక్కర్లేదని కాగితం మీద రాసి ఇచ్చాను. మీ నాన్నకు చెప్పాను. రేపు ఆ పొలం మీ చేతికి వస్తుంది కాబట్టి మీకూ చెబుతున్నాను. ఆ కాగితం నా బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం మధ్యలో ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య