పాత ఎపిసోడ్ మళ్లీ వేస్తే, రాసినవాళ్లకు ఏమొస్తుంది?

2020 ఏప్రిల్‌లో, కోవూరులో మా ఇంట్లో అవ్వ రోజూ సాయంత్రం ఒకటే మాట అడిగేది. "ఇది చూసేశాం కదరా, మళ్లీ ఎందుకు ఏస్తుండారు?" లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయాయి. డైలీ సీరియల్ అంటే ఎప్పటికప్పుడు రాసి, తీసి, పంపేది. చానళ్ల దగ్గరున్న నాలుగు ఎపిసోడ్లూ కొద్దిరోజుల్లోనే అయిపోయాయి.

2023లో అమెరికా టీవీ, సినిమా రచయితలు పని ఆపారని చదివినప్పుడు నాకు అవ్వ ప్రశ్నే గుర్తొచ్చింది. వాళ్ల గొడవకు మూలం కూడా ఈ మళ్లీ వేయడమే.

ఒకసారి రాసిన ఎపిసోడ్‌ను ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ప్రతిసారీ ప్రకటనల డబ్బు వస్తుంది. అందులో రాసినవాళ్లకూ వాటా ఉండాలని అక్కడి రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ 1960లో దాదాపు ఐదు నెలలు సమ్మె చేసింది. ఆ వాటాను రెసిడ్యువల్స్ అంటారు. పెన్షన్, ఆరోగ్య నిధి కూడా ఆ సమ్మెతోనే వచ్చాయి. తర్వాత చూసే సాధనం మారినప్పుడల్లా పాత లెక్క చెల్లకుండా పోయింది. 1985లో వీడియో క్యాసెట్ల డబ్బులో వాటా కోసం చేసిన సమ్మె రెండు వారాలకే ముగిసింది. అప్పుడు ఒప్పుకున్న తక్కువ వాటానే తర్వాత డీవీడీలకూ వర్తింపజేశారు. ఆ తొందరపాటుకు ఇరవై ఏళ్లు మూల్యం చెల్లించారనిపిస్తుంది నాకు.

2007 నవంబర్ 5న ఇంటర్నెట్ వాటా కోసం మొదలైన సమ్మె వంద రోజులు నడిచింది. ప్రేక్షకులకు ముందుగా తెలిసింది రాత్రిపూట వచ్చే టాక్ షోల దగ్గర. వాటిలో జోకులన్నీ ఏ రోజుకారోజు రాసేవే కాబట్టి వెంటనే పాతవి వేశారు. డ్రామాలు ముందే రాసి పెట్టుకున్న స్క్రిప్టులతో కొన్ని వారాలు లాగాయి. ఆ తర్వాత చాలా వాటికి ఎపిసోడ్లు తగ్గిపోయాయి. ఆ ఖాళీలో రియాలిటీ షోలు, గేమ్ షోలు పెరిగాయి. స్క్రిప్టు రాసే యూనియన్ రచయితలు లేకుండానే అవి నడుస్తాయి.

2023 సమ్మె 148 రోజులు సాగింది. స్ట్రీమింగ్‌లో మరుప్రసారం అనే మాటకే అర్థం లేదు. అప్పటికి ఎంతమంది చూసినా రచయితకు దాదాపు అంతే వచ్చేది. దానికి తోడు ఏఐతో రాయిస్తారేమోనన్న టెన్షన్. జులైలో నటులూ కలిశారు. రెండు సంఘాలూ ఒకేసారి పని ఆపడం 1960 తర్వాత అదే మొదలు. చివరికి బాగా ఆడిన స్ట్రీమింగ్ షోలకు బోనస్, ఏఐ వాడకంపై హద్దులు ఒప్పందంలోకి వచ్చాయి. అయినా అక్కడి పెద్ద చానళ్లలో చాలా డ్రామాల కొత్త ఎపిసోడ్లు 2024 ఫిబ్రవరికి గానీ రాలేదు.

మన దగ్గర సీరియల్ రచయితకు సాధారణంగా ఎపిసోడ్‌కు ఇంత అని ఒకసారే ఇస్తారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సినిమా హాలు బయట జరిగే వాడకానికి రచయిత తన రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చేయకుండా చేశారు. చట్టంలో ఉన్న ఆ హక్కు సీరియల్ మాటలు రాసేవాళ్ల చేతికి డబ్బుగా అందాలి. ఆ ఏప్రిల్‌లో అవ్వ రెండోసారి చూసిన మాటలు రాసినవాళ్లకు షూటింగులు లేక కొత్త పని కూడా లేదు.