కొత్త డ్రైవరు చూపు ఎంత దూరం?

మా మేనల్లుడికి పోయిన నెల కారు లైసెన్సు వచ్చింది. హెచ్ ట్రాక్ మీద ఒక్క గీత కూడా తొక్కకుండా రివర్సు చేశాడని ఇంట్లో అందరికీ సంబరం. మర్నాడు వాడి పక్క సీట్లో కూర్చున్నాను. స్టీరింగు, క్లచ్చి బాగానే ఉన్నాయి. చూపు మాత్రం బానెట్ దాటి పది గజాలు పోవడం లేదు.

వాడొక్కడే కాదు, కొత్తవాళ్లందరిదీ దాదాపు అదే చూపు. 1972లో అమెరికా పరిశోధకులు మౌరంట్, రాక్‌వెల్ డ్రైవర్ల కంటి కదలికలను రికార్డు చేసి ఈ సంగతే ప్రచురించారు. కొత్తవాళ్లు బండికి మరీ దగ్గరి రోడ్డునే చూస్తారు, అద్దాల్లోకి తక్కువగా చూస్తారు. గేర్లు ఇంకా అలవాటు కాలేదు కాబట్టి మెదడుకు ఆ పనే సరిపోతుంది.

దీనివల్ల నష్టమెంతో లెక్క వేద్దాం. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆలోగా కారు 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 45. అదే 80లో అయితే 33, 35 కలిపి 68. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి బ్రేకు దూరం అంతలా సాగుతుంది. నన్ను భయపెట్టే లెక్క ఇంకొకటుంది. 60లో వచ్చిన కారు పూర్తిగా ఆగిన చోట, 80లో వచ్చిన కారు ఇంకా 65 వేగంతో దూసుకుపోతుంటుంది. అక్కడ ఒక పిల్లవాడు రోడ్డు దాటుతుంటే?

ఇవన్నీ పొడి రోడ్డు లెక్కలు. తొలకరి జల్లుకు ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, ఆయిలు తడిసి రోడ్డు జారుడుబల్ల అవుతుంది. కోతల రోజుల్లో మన ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. రాశి మీద నల్ల పట్టా, చుట్టూ రాళ్లు. డిప్ లైటు వెలుగు యాభై అరవై మీటర్లకు మించి సరిగా అందదు, పైగా నల్ల పట్టా తారులో కలిసిపోతుంది. 80లో వస్తుంటే, అది కనిపించాక ఇక ఆగే చోటుండదు.

న్యూజిలాండ్ 1987లోనే లైసెన్సును మెట్లు మెట్లుగా ఇవ్వడం మొదలుపెట్టింది. మధ్య మెట్టులో ఉన్నవాళ్లు రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా ఒంటరిగా నడపకూడదు. చీకటికి తోటి కుర్రకారు సందడి తోడైతే ముప్పు పెరుగుతుందని స్నేహితులను ఎక్కించుకోవడం మీదా ఆంక్షలున్నాయి. మన దగ్గర ఎల్ బోర్డు తీసిన రోజే ఆంక్షలన్నీ పోతాయి. చట్టం పెట్టని ఆ మధ్య మెట్టును ఇంట్లో పెద్దవాళ్లే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. మావాడికి ఆరు నెలలు రాత్రి హైవే లేదు, స్నేహితులతో షికార్లు లేవు, ఫోను వెనక సీట్లో.

ఒక అభ్యాసం కూడా పెట్టాను. బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో ఉన్నదే. నడుపుతూ, చూసింది చూసినట్టు పైకి చెప్పాలి. మొదట్లో “గుంత, ఆటో” అనేవాడు. నిన్న, “మామయ్యా, లారీ అవతల బస్సు ఆగుతోంది, జనం దిగుతారు” అన్నాడు. కాలు అప్పటికే ఆక్సిలరేటరు మీది నుంచి తీసేశాడు.