రాయలవారి చెరువు, మన సంక్షేమం: రాజకీయ చింతన చరిత్రపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో రాజకీయ చింతన చరిత్రను బోధిస్తూ పాతికేళ్లకు పైబడింది. పరిశోధనాంశాలు ఖరారయ్యే నెలల్లో నా గదికి వచ్చే విద్యార్థుల చేతుల్లో ఏటా ఒకే తరహా శీర్షికలు కనిపిస్తాయి: కౌటిల్యుని ప్రజాస్వామ్య భావాలు, వేమన సామ్యవాదం, కృష్ణదేవరాయల సంక్షేమ రాజ్యం. ఈ రంగం గురించి అపోహలు చాలానే ఉన్నా, పిల్లల విలువైన ఏళ్లను మింగుతున్నది ఈ శీర్షికల వెనుక దాగినదే కనుక ముందు దాని సంగతే చెబుతాను.

ఆ అపోహ ఇది: మన కాలపు ప్రశ్నకు పూర్వపు గ్రంథకర్త ఎప్పుడో సమాధానం రాసిపెట్టాడని, దానిని వెతికి పట్టుకోవడమే చరిత్రకారుని పని అని. వాస్తవానికి ఆ గ్రంథకర్త ముందున్న ప్రశ్న వేరు, ఆయన ఎవరితో వాదిస్తున్నాడో ఆ మనుషులు వేరు, ఆ మాటలకు నాడున్న అర్థం వేరు. రాజకీయ చింతన చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్ 1969లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ అలవాటును తూర్పారబట్టాడు. అర్ధశతాబ్దం దాటినా మన పరిశోధన గ్రంథాల్లో అది చెక్కుచెదరలేదు.

నేను కూడా ఆ గుంటలో పడి లేచినవాడినే. ఎం.ఫిల్. కోసం ఆముక్తమాల్యదలోని రాజనీతిని తీసుకొని, చెరువులు, కాలువలు తవ్వించి, పేద రైతుకు పన్నులో వెసులుబాటు కల్పిస్తే ధర్మార్థాలు రెండూ పెరుగుతాయనే పద్యాన్ని ఆధారం చేసుకొని, సంక్షేమ రాజ్య భావనకు ఆద్యుడు రాయలేనని నూటికి పైగా పుటలు నింపాను. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన అడిగినది ఒక్కటే: "ఆ పద్యానికి ముందూ వెనకా ఏముంది నాయనా?" నేను నోరు మెదపలేకపోయాను, ఎందుకంటే ఆ పద్యాన్ని వేరొకరి వ్యాసంలో చూశానే తప్ప చతుర్థాశ్వాసాన్ని మొదటినుంచీ చదివిన పాపాన పోలేదు. చదివితే తెలిసేది: అది యామునాచార్యుడు రాజ్యం విడిచి వెళ్తూ కొడుకుకు చేసిన ఉపదేశం. దుర్గాలను ఆప్తులైన బ్రాహ్మణుల చేతిలోనే ఉంచాలని, దూరదేశపు వర్తకులను ఆదరించి ఏనుగులు, గుర్రాలు శత్రువుకు చేరకుండా తన రేవులకే రప్పించుకోవాలని, అడవుల్లోని జనాన్ని ఎలా మచ్చిక చేసుకోవాలో కూడా ఆ ఉపదేశంలోనే ఉంది. ఆ వరుసలో పెట్టి చూస్తే చెరువు పద్యం బొక్కసం నిండే మార్గాన్ని చెబుతున్నది. పేదపై దయ అందులో లేదనడం లేదు, అయితే ఆ దయకు, రాబడికి మధ్య మనం గీసే గీతను ఆ కవి గీయలేదు. బుక్కరాయసముద్రం చెరువు పక్కన పెరిగిన నాకు, ఈ సీమలో నీరుంటేనే పంట, పంట ఉంటేనే పన్ను అనే సంగతి పుస్తకం చూసి తెలుసుకోవలసినది కాదు. అయినా ఆ వ్యాసాన్ని తిరగరాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇది మన పిల్లల లోపం మాత్రమే అనుకోవద్దు. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ ప్రభుత్వంపై తాను రాసిన రెండు ట్రీటైజులను (సిద్ధాంత రచనలను) 1688లో అక్కడ రాజును దించిన విప్లవాన్ని సమర్థించడానికే రాశాడని పాఠ్యపుస్తకాలు తరతరాలుగా చెప్పాయి. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ 1960లో ప్రకటించిన పరిష్కృత ప్రతిలో, వాటిలో అధికభాగం విప్లవానికి ఎన్నో ఏళ్ల ముందే రాసినదని వాదించి, చాలామందిని ఒప్పించాడు. రచన ఎప్పుడు జరిగిందో తేలగానే అది జరిగిపోయినదానికి సమర్థన కాదని, ఇంకా జరగనిదానికి పిలుపు అని అర్థమైంది. ఒక్క తేదీ అంత పని చేసింది. మన బజారు గైడ్లలో మాత్రం నేటికీ పాత కథే నడుస్తోంది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. లక్ష్యం మంచిదైతే మార్గం ఎలాంటిదైనా ఫరవాలేదని 'ది ప్రిన్స్' రాసిన ఇటలీ రచయిత మాకియవెల్లి అన్నాడని గైడ్లు కొటేషన్ గుర్తుల మధ్య వేసే వాక్యం ఆయన గ్రంథంలో లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని ప్రతి రాజూ చేతపట్టుకొని పాలించాడని సభల్లో చెప్పేవారు, ఆ తాళపత్ర ప్రతి మైసూరులో గ్రంథాలయాధికారి శామశాస్త్రి కంటబడింది 1905లోనని, అచ్చయింది 1909లోనని ఒకసారి గుర్తు చేసుకోవాలి. పెళ్లిళ్లలో నన్ను పక్కకు పిలిచి ఈసారి ఏ పార్టీ గెలుస్తుందని అడిగే బంధువులకు, నాకు 16వ శతాబ్దపు ఎన్నికలు కూడా తెలియవని చెబుతుంటాను.

ఇంగ్లీషు రానిదే ఈ రంగంలో అడుగు పెట్టలేమనే భయం మాత్రం అంత తేలికగా తీసిపారేయదగినది కాదు, దానితో కుమిలిపోయే పల్లె విద్యార్థులను చూశాను. ఇంగ్లీషు కావాలి, చదువుతూ చదువుతూ వస్తుంది. కానీ ప్రబంధపు పద్యానికి అన్వయం చెప్పగలగడం, వేమన పేరిట చలామణిలో ఉన్న పద్యాల్లో ఏది పాత ప్రతుల్లో ఉందో, ఏది తర్వాత చేరిందో పోల్చి చూడగల ఓపిక కలిగి ఉండడం అంతకంటె అరుదైన సాధనసంపత్తి. అటువంటి పోలికకు కడపలోని బ్రౌన్ గ్రంథాలయం మనకు బస్సు దూరంలోనే ఉంది.

ఇక ఉద్యోగం. ఆ మధ్య కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక వేరుశనగ రైతు కూతురిని వెంటబెట్టుకొని వచ్చి, "సార్, ఇది చదివితే పాపకు ఏమొస్తాది?" అని అడిగారు. ఆ అడగడంలో తప్పేమీ లేదు. రాజకీయ చింతన చరిత్రకారుడు అనే పేరుతో మన వద్ద పోస్టు ఉండదని, రాజనీతి శాస్త్రం లేదా చరిత్ర అధ్యాపకురాలిగానే దరఖాస్తు చేయాలని, అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్‌లోని రాజనీతి శాస్త్రంలో రాజకీయ చింతనకు ఒక యూనిట్, భారతీయ రాజకీయ చింతనకు మరొకటి ఉన్నందున ఈ చదువు ఆ పరీక్షకు అక్కరకొస్తుందని, నియామకాలు మాత్రం ఆలస్యమవుతాయని, కాబట్టి బి.ఎడ్. కూడా చేయించమని దాచకుండా చెప్పాను. కేంబ్రిడ్జిలో స్కిన్నర్ అంతటివాడే మొదట రాజనీతి శాస్త్ర ఆచార్యుడిగా, 1996 నుంచి ఆధునిక చరిత్ర ఆచార్యుడిగా పనిచేశాడు. ఆ అమ్మాయి తెచ్చిన శీర్షికలో కూడా సంక్షేమ రాజ్యమే ఉంది. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్యతో చతుర్థాశ్వాసాన్ని ఒకసారి పూర్తిగా చదివి, శీర్షిక లేకుండా రమ్మన్నాను.