నోలా హాటర్‌మన్: ఒక బొమ్మ వెనక నూరేళ్ల చరిత్ర

2023 జులై 1న నెదర్లాండ్స్ రాజు విలెమ్ అలెగ్జాండర్, బానిస వ్యాపారంలో తమ దేశం పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అంతకు ఆరు నెలల ముందు ప్రధాని మార్క్ రుట్టే ప్రభుత్వం తరఫున చెప్పారు. అప్పటికే అక్కడి మ్యూజియంలలో మరో చర్చ నడుస్తోంది. గోడల మీది బొమ్మల్లో నల్లజాతి మనుషులు ఎలా కనిపిస్తున్నారు? వాళ్లను గీసింది ఎవరు? ఆ చర్చలో తప్పకుండా ప్రస్తావనకు వచ్చే చిత్రకారిణి నోలా హాటర్‌మన్.

ఆమె గురించి చెప్పాలంటే ముందు సురినామ్ గురించి చెప్పాలి. దక్షిణ అమెరికాలోని ఈ డచ్ (నెదర్లాండ్స్) వలసరాజ్యంలో చెరకు తోటలు నడిచిందంతా ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చెమటతోనే. 1863లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం మాత్రం యజమానుల చేతికి వెళ్లింది, మనిషికి 300 గిల్డర్ల (అప్పటి డచ్ నాణెం) చొప్పున. విడుదలైనవాళ్లలో చాలామంది ప్రభుత్వ పర్యవేక్షణలో ఇంకో పదేళ్లు పని చేయాల్సి వచ్చింది. ఆ గడువు ముగిసిన 1873లోనే కలకత్తా నుంచి లల్లా రూక్ అనే ఓడ భారతీయ కూలీలను తీసుకుని సురినామ్ చేరింది. మన తెలుగువాళ్లను మారిషస్‌కూ, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కూ తరలించింది కూడా ఇదే ఒప్పంద కూలీ పద్ధతి.

1883లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ వలసరాజ్యాల ప్రదర్శన జరిగింది. సురినామ్ నుంచి 28 మందిని తీసుకొచ్చి, ఇప్పుడు మ్యూజియం చౌక్ ఉన్న మైదానంలో జనానికి చూపించారు. ఫ్రెంచ్ యువరాజు రోలాండ్ బోనపార్ట్ వాళ్ల ఫొటోలతో మరుసటి ఏడాది ఒక పుస్తకమే వేశాడు. టికెట్ కొని మనుషులను చూసి వెళ్లిన ఊరది. ఆ ఊళ్లోనే 1899లో నోలా పుట్టింది.

మొదట ఆమె నటి. నాటకాలు వేసింది, మూకీ సినిమాల్లోనూ కనిపించింది. తర్వాత నటన వదిలేసి బొమ్మల్లోకి వచ్చింది. 1930లో వేసిన ‘టెర్రస్ మీద’ అనే చిత్రం ఆమెకు శాశ్వతమైన పేరు తెచ్చింది. కెఫే బయట ఒక నల్లజాతి యువకుడు సూటు వేసుకుని కూర్చున్నాడు. ముందు బీరు గ్లాసు, దగ్గర్లో న్యూస్‌పేపర్. అంతే. చెప్పడానికి ఏమీ లేదనిపిస్తుంది. కానీ అప్పటిదాకా డచ్ చిత్రాల్లో నల్లజాతి మనిషి ఎక్కువగా ఎక్కడ ఉండేవాడో గుర్తు చేసుకోండి. ధనవంతుల కుటుంబ చిత్రంలో ఓ మూల, పళ్లెం పట్టుకునో గొడుగు పట్టుకునో. నోలా బొమ్మలోని మనిషి ఎవరికీ సేవ చేయడం లేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టూ లేడు. తన డబ్బుతో తన బీరు తాగుతూ తీరిగ్గా ఉన్నాడు. ఆ తీరికే ఆ బొమ్మ బలం అని నాకనిపిస్తుంది.

అతనెవరో కూడా మనకు తెలుసు. సురినామ్‌లో లూయిస్ రిచర్డ్ డ్రెంత్‌గా పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో జిమ్మీ వాన్ డెర్ లాక్‌గా పేరు తెచ్చుకున్నవాడు. బాక్సింగ్ చేశాడు, బార్‌లో పని చేశాడు, స్టేజీ మీద ప్రదర్శనలిచ్చాడు. బొమ్మలోని మనిషి పేరు తెలియడం చిన్న విషయం కాదు. డచ్ చిత్రకారుడు సిమోన్ మారిస్ 1906 ప్రాంతంలో విసనకర్ర పట్టుకున్న ఒక అమ్మాయిని గీశాడు. ఆ బొమ్మను చాలాకాలం జాతి పేరుతోనే పిలిచారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం ఆ శీర్షికను మార్చింది 2015లో.

నోలా స్నేహాలు కూడా మోడళ్ల దగ్గర ఆగలేదు. ఆమె ఇంటికి సురినామ్ విద్యార్థులు, కళాకారులు, రాజకీయాలు మాట్లాడేవాళ్లు వస్తూ పోతూ ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ ఆక్రమణ కాలంలో కళాకారులంతా నాజీల సాంస్కృతిక మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. లేదంటే ప్రదర్శనలుండవు. నోలా నమోదు చేసుకోలేదు. యుద్ధం తర్వాత, సురినామ్ జాతీయవాది ఎడీ బ్రూమా నడిపిన ‘వీ ఈగీ సానీ’ బృందానికి ఆమె దగ్గరైంది. మన భాష మనది, మన సంస్కృతి మనది అన్నది ఆ యువకుల మాట.

1953లో ఆమె సురినామ్ వెళ్లిపోయింది. అప్పటికి వయసు 50 దాటింది. రాజధాని పారామరిబోలో చిత్రకళ నేర్పడం మొదలుపెట్టి, అక్కడి కళాపాఠశాలను ఏళ్ల తరబడి నడిపింది. తోటి మనుషులను చూసి గీయండి, మీ ఒంటి రంగును మీరే పట్టుకోండి అన్నది ఆమె పాఠం. యూరప్ బొమ్మలను కాపీ కొట్టడం అలవాటైన చోట అది కొత్త సంగతే. ఆర్మాండ్ బాగ్, రూబెన్ కార్స్‌టర్స్ వంటి చిత్రకారులు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే.

అయితే ఆ తర్వాతి తరం ఆమెను ప్రశ్నించింది. నైరూప్య చిత్రకళ ఆమెకు గిట్టేది కాదు. మనిషి ఆకారం కుదరాలి, గీత కుదరాలి అని పట్టుబట్టేది. సురినామ్ కళ ఎలా ఉండాలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన తెల్ల మనిషి చెప్పడమేమిటి అని కుర్రకారు అడిగింది. స్వాతంత్ర్యం కోసం దేశం తయారవుతున్న రోజులవి (1975లో వచ్చింది). ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎంత ప్రేమతో వచ్చినా, టీచర్ కుర్చీ ఆమెకు అంత తేలిగ్గా దొరకడంలో వలసపాలన చరిత్ర పాత్ర ఉంది. అలాగని ఆమె శ్రమను కొట్టిపారేయలేం. చివరి ముప్పై ఏళ్లు అక్కడే ఉంది, అక్కడే పని చేసింది. 1970లలో రాజధాని వదిలి బ్రొకొపొండో ప్రాంతానికి మకాం మార్చింది. 1984లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. పారామరిబోలోని కళాసంస్థకు ఆమె పేరే పెట్టారు.

‘టెర్రస్ మీద’ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడలిక్ మ్యూజియం సొత్తు. 1883లో సురినామ్ మనుషులను చూపించిన మైదానం ఆ మ్యూజియం ఎదుటిదే. అదే మ్యూజియం 2020 డిసెంబర్‌లో ‘సురినామ్ స్కూల్’ పేరుతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఈసారి నోలా బొమ్మల పక్కన ఆమె శిష్యుల బొమ్మలూ ఉన్నాయి, ఆమె దారి కాదని సొంత దారి పట్టినవాళ్లవీ ఉన్నాయి.