షెల్టర్‌లో మిగిలిపోయే పిల్లులు: అపోహలు, వాస్తవాలు

నేను హైదరాబాదులో పశువైద్యురాలిని. క్లినిక్ పని ముగిశాక వారానికి రెండు సాయంత్రాలు ఒక పిల్లుల షెల్టర్‌లో గడుపుతాను. దత్తతకు వచ్చేవారు అక్కడ ఆగే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే: గుమ్మం పక్క బోనులోని రెండు నెలల కూనల దగ్గర అరగంట, మధ్య వరుసల దగ్గర అర నిమిషం, చివరి వరుస వైపు ఒక చూపు. నల్లవి, ముసలివి, ఒంటికన్నువి, మూడుకాళ్ళవి, మనిషి అలికిడి వినగానే గోడవైపు తిరిగి కూర్చునేవి ఆ చివరి వరుసలోనే ఉంటాయి. వాటిని వద్దనడానికి చెప్పే కారణాల్లో కొన్నింటికి ఆధారమే లేదు. కొన్నింటిలో మాత్రం సగం నిజం ఉంది, నాకు ఎక్కువ సమయం పట్టేది వాటిని విడమర్చి చెప్పడానికే.

అపోహ: నల్లపిల్లి ఇంట్లో ఉంటే అరిష్టం.

“డాక్టరు గారూ, నల్లది కాకుండా ఇంకేదైనా చూపించండి” అన్న మాట చదువుకున్నవారి నుంచే ఎక్కువగా వింటాను. పిల్లి వెంట్రుకపై సాధారణంగా లేత, ముదురు పట్టీలు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. ఒక జన్యువులోని చిన్న మార్పు వల్ల ఆ పట్టీలు ఏర్పడక వెంట్రుక మొత్తం నల్లగా పెరుగుతుంది. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి కూర్చుని నీళ్ళు తాగి బయలుదేరడం మన అలవాటు, అదే నల్లపిల్లి ఇంగ్లండులోనూ జపానులోనూ శుభసూచకం. నా లెక్కలో వీటికి శకునం కన్నా పెద్ద శత్రువు వెలుతురు. చీకటి మూలలో ఫోనుతో తీసిన ఫొటోలో రెండు కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. మా దగ్గర నాలుగేళ్ళ నల్ల ఆడపిల్లి ఒకటుంది. దాన్ని కిటికీ దగ్గర లేతరంగు దుప్పటిపై కూర్చోబెట్టినప్పుడు, పొద్దుటి ఎండలో దాని వీపు మీది నలుపు కాఫీ గింజ రంగులోకి మారడం నేనూ అప్పుడే మొదటిసారి గమనించాను.

అపోహ: ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లి నుంచి ఇంట్లోవారికి ఎయిడ్స్ వస్తుంది.

రాదు. ఎఫ్‌ఐవీ అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. దీన్ని 1986లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో తొలిసారి వేరుచేశారు; అది మనుషులకు గానీ కుక్కలకు గానీ సోకదు. పిల్లి నుంచి పిల్లికి ప్రధానంగా లోతైన కాటు గాయాల ద్వారా వ్యాపిస్తుంది కనుక, ఆపరేషన్ కాని, వీధిలో కొట్లాడుకునే గండుపిల్లుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి ఇంట్లోనే ఉంచుకుంటే, కలహించని మరో పిల్లితో కలిసి ఉన్నా, ఒకే గిన్నెలో తిన్నా ప్రమాదం చాలా తక్కువ. మరొక సంగతి చాలామందికి తెలియదు. సాధారణ పరీక్ష వైరస్‌ను కాక, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) చూస్తుంది. ఆరు నెలల లోపు కూనలో అవి తల్లి నుంచి వచ్చినవై ఉండవచ్చు. ఆరు నెలలు నిండాక మళ్ళీ పరీక్షించకుండా ఏ కూన మీదా ఆ ముద్ర వేయకూడదు. ఈ పిల్లులకు పచ్చిమాంసం పెట్టకూడదు, ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించాలి, పళ్ళూ చిగుళ్ళూ ప్రత్యేకంగా చూపించాలి.

సగం నిజం ఎక్కడుందంటే, ఫీలైన్ లుకేమియా అనే మరో వైరస్ విషయంలో. అది లాలాజలంతో, ఒకదాన్నొకటి నాకడంతో, గిన్నెలు పంచుకోవడంతో కూడా వ్యాపిస్తుంది. దానికీ మనుషులతో సంబంధం లేదు గానీ, అటువంటి పిల్లిని ఒంటరిగా గానీ అదే వైరస్ ఉన్న మరో పిల్లితో గానీ పెంచాలి. ఈ రెంటినీ కలిపి “ఏదో వైరస్ పిల్లి” అనేయడం వల్ల రెండూ బోనుల్లోనే మిగిలిపోతున్నాయి.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయాలి.

పెద్ద పిల్లులు షెల్టర్‌కు తిరిగి రావడానికి నేను వినే కారణాల్లో ఇది ముందుంటుంది. సీమంతం నాటికి పిల్లి ఇంట్లో ఉండకూడదని అత్తగారో అమ్మమ్మగారో పట్టుబడతారు. వారి భయం ఊరికే పుట్టింది కాదు: టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భస్థ శిశువుకు నిజంగానే హాని చేయగలదు, దాని గుడ్ల వంటి రూపాలు పిల్లి మలంలోనే బయటికి వస్తాయి. అయితే పిల్లి వాటిని సాధారణంగా తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే విసర్జిస్తుంది. బయటపడ్డాక అవి సోకే స్థితికి చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందువల్ల పిల్లి మలవిసర్జన చేసే లిట్టర్ ట్రేను గర్భిణి కాక ఇంట్లో మరొకరు ప్రతిరోజూ శుభ్రం చేసి, పిల్లిని బయటికి వదలకుండా, దానికి పచ్చిమాంసం పెట్టకుండా ఉంటే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, కుండీల మట్టిలో వట్టి చేతులతో పని చేయడం ముఖ్యమైన దారులు. పిల్లిని పంపించేసిన ఇంట్లో కూడా ఇవి ఉంటాయి.

పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుందన్న మాటకూ ఇక్కడే జవాబు చెబుతాను. అలర్జీకి మూలం వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలోనూ చర్మగ్రంథుల స్రావంలోనూ ఉండే ఒక ప్రొటీన్. అది కొందరికి నిజంగా పడదు. దత్తతకు ముందు రెండు మూడు సార్లు వచ్చి ఆ పిల్లి పక్కనే గంటసేపు కూర్చోండి. ఉబ్బసం ఉన్నవారు ముందుగా తమ డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: అవయవం పోయిన పిల్లి జీవితమంతా బాధపడుతుంది.

గాయం మానిన తరువాత మూడుకాళ్ళ పిల్లి కొన్ని వారాల్లోనే నడక సర్దుకుంటుంది. బరువు పెరగకుండా చూడటమే అసలు పని. గుడ్డి పిల్లి మీసాలతోనూ వినికిడితోనూ ఇంటి నమూనా నేర్చుకుంటుంది కనుక సామాను తరచూ జరపకపోతే చాలు.

అపోహ: ముసలిపిల్లిని తెచ్చుకుంటే నాలుగు రోజులకే దుఃఖం, పైగా మనిషికి అలవాటుపడదు.

ఇంట్లోనే ఉండే పిల్లులు పదిహేనేళ్ళు దాటడం అరుదు కాదు. మూత్రపిండాలు, థైరాయిడ్, రక్తపోటు, పళ్ళ సమస్యలు వయసుతో వస్తాయి, పరీక్షలకు ఖర్చవుతుంది. ఆ మాట దాచి ఇంటికి పంపితే పిల్లి మళ్ళీ మా దగ్గరికే వస్తుంది. అలవాటు విషయానికి వస్తే, యజమాని చనిపోయాక మా దగ్గరికి వచ్చిన పదకొండేళ్ళ బూడిదరంగు పిల్లి తొమ్మిది రోజులు గోడకేసి కూర్చుంది, రాత్రిపూట మాత్రమే తిన్నది. అందరూ దానికి మనుషులంటే పడదన్నారు. బోనులో అట్టపెట్టె పెట్టి, నేను అటు చూడకుండా పక్కన కూర్చుని కేస్ షీట్లు రాసుకునేదాన్ని. మూడో వారంలో ఒక సాయంత్రం పెట్టెలోంచి ఒక ముంగాలు బయటికి వచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద ఆనింది, మిగతా పిల్లి మాత్రం లోపలే ఉండిపోయింది. నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన 19 పిల్లులపై చేసిన పరిశోధన 2014లో వెలువడింది. దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు ఇవ్వని వాటికన్నా త్వరగా కుదుటపడ్డాయని అందులో తేలింది. దాక్కున్న పిల్లి భయపడుతోంది, అంతే. ఆ భయాన్ని దాని స్వభావంగా లెక్కకట్టడం మన తొందరపాటు.

దత్తత తీసుకోలేనివారు కూడా సాయపడవచ్చు గానీ, పాలూ పెరుగన్నమూ తేవద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. టారిన్ అనే పోషకం మాంసాహారంలోనే దొరుకుతుంది, అది లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. శాకాహారుల ఇళ్ళకు పిల్లిని ఇచ్చేటప్పుడు ఈ సంగతి నేను సంతకం పెట్టించుకోకముందే చెబుతాను. జ్వరమనిపిస్తే పారాసిటమాల్ వేయకండి, ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. నెల రోజులు ఇంట్లో ఉంచుకుని సంరక్షించేవారు, క్లినిక్‌కు తీసుకువెళ్ళే వాహనం ఉన్నవారు, నల్లపిల్లులకు పగటి వెలుతురులో మంచి ఫొటోలు తీయగలవారు మాకు ఎప్పుడూ కావాలి. పాత వార్తాపత్రికలు, అట్టపెట్టెలు కూడా కావాలి. పెట్టెకు ఒక పక్క పిల్లి దూరేంత కంత ముందే కోసి తెస్తే మా పని కొంత తగ్గుతుంది.