కాంక్రీటును ఉప్పు తినదు, లాగుతుంది

అమెరికాలో మంచు బాగా కురిసే మిన్నెసోటాలో ఉండే మా మేనకోడలు మొన్న మార్చిలో ఒక ఫోటో పంపింది. మంచు కరిగి డ్రైవ్‌వే (ఇంటి ముందు కారు నిలిపే కాంక్రీటు దారి) బయటపడితే, పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి కంకర కనిపిస్తోంది. "మామయ్యా, పోయించి రెండేళ్లే అయింది. ఉప్పు తినేసిందని పక్కింటాయన అంటున్నాడు. మంచు కరగడానికి నేను గుప్పెడు ఉప్పు కూడా చల్లలేదు" అంది. వాళ్లమ్మ, అంటే మా అక్క, అది దిష్టేనని తేల్చేసింది. ఉప్పు దిగదుడిచి వాకిట్లో పోయమంది. వద్దుగాక వద్దన్నాను.

విశాఖ బీచ్ దగ్గర సన్‌షేడ్ ఊడిపడినా మనం "ఉప్పుగాలి తినేసింది" అనే అంటాం. అక్కడ జరిగేది వేరు. ఉప్పులోని క్లోరైడ్ వల్ల లోపలి చువ్వలు తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. డ్రైవ్‌వే పైపొరలో చువ్వలే ఉండవు. ఇక బడిలో నేర్పిన జవాబు ఒకటుంది: గడ్డకడితే నీరు 9 శాతం ఉబ్బుతుంది, అందుకే పగులుతుంది. మార్కులు పడతాయి గానీ, అదే అసలు కారణమైతే పలక లోపలిదాకా చిట్లాలి కదా? చర్మం వలిచినట్టు పైపైనే ఎందుకు పోతోంది?

ఇంకో వింత. పరీక్షల్లో కాంక్రీటు మీద మంచినీళ్లు గడ్డకట్టిస్తే పైపొర పెద్దగా లేవదు. చిక్కటి ఉప్పునీళ్లకీ లేవదు. సుమారు 3 శాతం ఉన్న పలచటి ఉప్పునీళ్లతోనే ఎక్కువగా ఊడుతుంది!

ఈ ముడిని 2006 ప్రాంతంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వాలెంజా, షెరర్ అనే పరిశోధకులు విప్పారు. ముల్తానీ మట్టి ఆరుతుంటే మొహం బిగుసుకుపోతుంది కదా, అదే ఇక్కడా. గాజుపని చేసేవాళ్లు గరుకు చేసిన గాజుకు జంతుచర్మపు బంక పూసి ఆరనిస్తారు. బంక ముడుచుకుంటూ, తనకన్నా ఎంతో గట్టిదైన గాజును రవ్వలు రవ్వలుగా పెరికేస్తుంది. డ్రైవ్‌వే మీద ఆ బంక పని మంచు చేస్తుంది. చలి పెరిగేకొద్దీ మంచు కాంక్రీటు కన్నా దాదాపు 5 రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది. కానీ కిందికి అతుక్కుని ఉంది, ముడుచుకునే వీల్లేదు. మంచినీటి మంచు గట్టిది, ఆ లాగుడును ఓర్చుకుంటుంది. చిక్కటి ఉప్పునీరైతే గుజ్జుగా మిగిలిపోతుంది, లాగే సత్తా దానికి లేదు. పలచటి ఉప్పునీటి మంచులో మాత్రం ద్రవపు గూళ్లు ఉంటాయి. లాగే బలం ఉంది, ఓర్చుకునే బలం లేదు. ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. నెర్రె కిందికి దిగి కాంక్రీటులో దూరి, అక్కడ అడ్డం తిరిగి పైపొరకు సమాంతరంగా పాకుతుంది. ఒక పెచ్చు లేస్తుంది.

కాంక్రీటు కలిపేటప్పుడే సుమారు 6 శాతం గాలి ఉండేలా సన్నటి బుడగలు పుట్టించేది అందుకే. బుడగలో మంచు పుడితే చుట్టూ ఉన్న సన్న రంధ్రాల్లోని నీటిని పీల్చుకుంటుంది. ఆ పీల్పుకి కాంక్రీటూ కాస్త ముడుచుకుంటుంది, పైనున్న మంచుతో తగువు తగ్గుతుంది. నాకైతే ఇది ముచ్చటేస్తుంది. పోసిన రోజున పైకి తేలిన నీరు ఆరకముందే తాపీతో రుద్దినా, తర్వాత సరిగ్గా క్యూరింగ్ చేయకపోయినా పైపొర బలహీనపడుతుంది. ఇక బుడగలున్నా లాభం తక్కువ.

ఇప్పుడు చేయగలిగింది కొంచెమే. ఎండాకాలంలో సిలేన్ రకం సీలర్ కొట్టించాలి. అది లోపలికి ఇంకి నీటిని అడ్డుకుంటుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. జారకుండా ఇసుక చల్లుకోవాలి. మంచు కరిగించడానికి చల్లే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు మాత్రం నిజంగానే తింటాయి, సిమెంటుతో రసాయనచర్య జరిపి. అమ్మోనియం ఎరువులు చల్లమని ఎవరైనా చెబితే అసలు వినొద్దు.

మరి తను ఉప్పే చల్లలేదు కదా? ఫోటో పెద్దది చేసి చూశాను. పెచ్చులన్నీ కారు ఆగే చోటే, చక్రాల వెనక. రోడ్డు మీద ఊరివాళ్లు చల్లిన ఉప్పు, బురదమంచుతో కలిసి బంపర్ల కింద పట్టుకుని ఇంటిదాకా వస్తోంది. రోజూ రాత్రి కాస్త కాస్త కారుతోంది, పలచగా. కారు పెట్టగానే ఆ బురదను పారతో గీకి అవతల పడేయమన్నాను.